తెరచియున్న ఫైలు ఏది?

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల గ్రామములకు కంప్యూటరు నేడు క్రొత్త వస్తువు కాదు. 2019లో గ్రామ సచివాలయములు ఏర్పడిన పిమ్మట పంచాయతీ లెక్కలు, జాబితాలు అనేకము దానిలోనే తయారగుచున్నవి. కాగితపు దస్త్రమైనచో అట్టమీది పేరు చదివిన పిదపనే మనము లోపల వ్రాయుదుము. కంప్యూటరులోని దస్త్రమునకు అట్ట ఏది?

తెరపై విండో యొక్క పైయంచున అడ్డముగా ఒక పట్టీ యుండును. దానికి టైటిల్ బార్ అని పేరు. సాధారణముగా అందులో మొదట తెరచిన ఫైలు పేరు, తరువాత ప్రోగ్రాము పేరు కనబడును. ఎక్సెల్‌లో ‘బుక్1’ అనియో, వర్డ్‌లో ‘డాక్యుమెంట్1’ అనియో యున్నచో ఆ పనికి ఇంకను పేరు పెట్టి భద్రపరచలేదని గ్రహింపవలెను. ‘రీడ్-ఓన్లీ’ అని యున్నచో మార్పులను ఆ ఫైలులోనే భద్రపరచుట సాధ్యము కాదు.

ఇది చిన్న విషయమని తలంపరాదు. 2024-25, 2025-26 ఇంటిపన్ను జాబితాలు రెండును ఒకేసారి తెరచియున్నవనుకొందము. వరుసలు, పేర్లు, ఇంటి నంబర్లు అన్నియు ఒక్కతీరుగానే యుండును. ఈ యేటి చెల్లింపును పాత జాబితాలో ఎక్కించినచో, పన్ను కట్టిన కూలివాడు క్రొత్త జాబితాలో బాకీదారుగా నిలుచును. పట్టీని ఒక్కసారి చూచిన ఆ అన్యాయము తప్పును.

‘సేవ్ యాజ్’ విషయమున మరింత జాగ్రత్త అవసరము. నకలు ఉంచుకొనుటకై వేరొక పేరుతో భద్రపరచిన వెంటనే పట్టీలోని పేరు మారును. అటుపై చేయు మార్పులన్నియు నకలులోనికే పోవును. అసలు ఫైలు పాత స్థితిలోనే యుండును.

అయితే పేరొక్కటే చాలదు. ఆత్మకూరు అను ఊరు మన జిల్లాలోనే కాక నంద్యాల, అనంతపురం జిల్లాలలో కూడ కలదు. జిల్లా చెప్పనిదే ఉత్తరము చేరదు. అట్లే ఒకే పేరుగల ఫైళ్లు వేర్వేరు ఫోల్డర్లలో ఉండవచ్చును. పట్టీ సాధారణముగా ఫోల్డరును చూపదు. వర్డ్, ఎక్సెల్‌లలో ‘ఫైల్’ క్రింద ‘ఇన్ఫో’లోను, లిబ్రె ఆఫీసులో ‘ప్రాపర్టీస్’లోను ఆ చోటు తెలియును.

కావున ఫైలు పేరులో గ్రామము, విషయము, సంవత్సరము మూడును ఉండునట్లు చూడవలెను. కంప్యూటరు నడుపుట మనకు రాకపోయినను పైపట్టీని చదువుట కష్టము కాదు. సమావేశములో ఏ జాబితానైనను ఆమోదించుటకు ముందు, “అయ్యా, పైన పేరేమున్నది? చదువుడు” అని సభ్యులు అడుగవలెను. ఆ ప్రశ్న ఉద్యోగిపై అనుమానము కాదు. ప్రజల లెక్కపట్ల మన బాధ్యత.