వేగనియమము – వాహనధర్మము

వాహనపూజకై దేవాలయమునకు వచ్చే హైటెక్ సిటీ యువకులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: “అతివేగం చలానా పడకుండా ఉపాయమేమిటండీ?” దీనికి శాస్త్రరీత్యా సమాధానం చెప్పవచ్చును.

‘వేగ’ శబ్దము ‘విజ్’ ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువునకు భయము, చలనము అని రెండర్థములు. ‘ఉద్వేగము’ కూడ దాని సంతానమే. అన్నంభట్టు తర్కసంగ్రహములో వేగమునకు పృథివి, జలము, తేజస్సు, వాయువులతోపాటు మనస్సును కూడ ఆశ్రయముగా చెప్పినాడు. కనుక మొదట పట్టవలసిన కళ్ళెము మనస్సునకే.

పది కిలోమీటర్ల దారికి గంటకు 40 కిలోమీటర్ల వేగమున 15 నిమిషములు, 60 వేగమున 10 నిమిషములు పట్టును. ఆదా అయ్యేది ఐదే నిమిషములు. ఆ ఐదు నిమిషములు ముందుగా ఇల్లు కదలడమే ప్రథమోపాయము.

రెండవది, హద్దును తెలిపే ఫలకమును చదవడము. వేగము రెట్టింపయితే బ్రేకు వేసిన తరువాత బండి ఆగే దూరము నాలుగు రెట్లగును. బయోడైవర్సిటీ ఫ్లైఓవర్‌పై హద్దు 40. అది ప్రారంభమైన నెలలోనే, 2019 నవంబరు 23న, హద్దు మీరిన కారొకటి పైనుండి పడగా, క్రింద రోడ్డు ప్రక్కన ఉన్న ఒక మహిళ ప్రాణము కోల్పోయినది. బాహ్యవలయ రహదారిపై 2023లో గరిష్ఠవేగమును 120కి పెంచినారు. అయినను అది కుడివైపు వరుసలకే గాని, దిగుడు దారులకు, మలుపులకు వర్తించదు.

మూడవది, పోలీసులను చూచి వేగము తగ్గింతమనుకొనరాదు. లేజర్ స్పీడ్ గన్ దూరమునుండే కొలుచును. మనకది కనబడునప్పటికే చిత్రము, వేళ, వేగము నమోదై ఉండవచ్చును. ఈ-చలానా వచ్చేది బండి యజమాని పేరిట. కనుక బండిని ఇతరులకిచ్చునపుడు తాళముతోపాటు ఈ మాటయు చెప్పవలెను.

నాల్గవది, కొత్త కార్లలో 80 దాటగానే మోగే హెచ్చరికను నమ్మి ఉండరాదు. 40 హద్దున్న చోట అది మోగునప్పటికి ఆలస్యమైపోవును. కన్ను తరచుగా వేగసూచికపై పడవలెను.

చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి నడిపినంతనే రక్ష పూర్తి కాదు. పూజలో చేసిన క్షేమసంకల్పమునకు వేగనియమమే అనుష్ఠానము. చలానా తప్పడము దాని స్వల్పఫలము. దారిన నడిచే అపరిచితుడు క్షేమముగా ఇల్లు చేరడము మహాఫలము.

స్వస్తి.