జూక్‌బాక్స్‌లో పళ్ళెం ఎట్లా తిరుగుతుంది?

ఈసారి సైన్సు పేజీ నా వంతు.

హైదరాబాద్, సికింద్రాబాద్ ఇరానీ హోటళ్లలో ఒకప్పుడు జూక్‌బాక్స్ అనే పెద్ద పాటల పెట్టెలు ఉండేవి. బిళ్ళ వేసి బటన్ నొక్కితే లోపల ఒక చెయ్యి మనం అడిగిన రికార్డు తీసి పళ్ళెం మీద పెట్టేది. (సీబర్గ్ కంపెనీ పెట్టెల్లో రికార్డు నిలువుగా నిలబడి తిరిగేది! దాని పద్ధతి వేరు.) అందరూ ఆ చెయ్యిని చూసేవారట. నాకు మాత్రం పళ్ళెమే గొప్ప అనిపించింది. 1949లో అమెరికాలో వచ్చిన చిన్న రికార్డుకు అది నిమిషానికి 45 సార్లే తిరగాలి. ఎక్కువ కాదు, తక్కువ కాదు.

మోటారేమో నిమిషానికి సుమారు 1,440 సార్లు తిరుగుతుంది. అంటే 32 రెట్లు తగ్గించాలి. ఎట్లా? మన మౌలాలిలో పాత రేడియోలు బాగుచేసే తాత ఒక రికార్డు ప్లేయర్ పళ్ళెం పైకి లేపి చూపించారు. చాలా జూక్‌బాక్సుల్లో కూడా ఇదే ఏర్పాటు. మోటారు ఇరుసు పెన్సిలు కంటే సన్నం. దాని పక్కన రబ్బరు అంచు ఉన్న చిన్న చక్రం ఉంది. అది ఒకవైపు ఇరుసును, ఇంకోవైపు పళ్ళెం లోపలి అంచును ఒత్తుకుని ఉంటుంది. ఇరుసు మందం 5 మిల్లీమీటర్లు, పళ్ళెం లోపలి వ్యాసం 160 మిల్లీమీటర్లు అనుకోండి. 160 ÷ 5 = 32. సరిపోయింది!

మరి రబ్బరు చక్రం సైజు? అది లెక్కలోకే రాదు. ఇరుసు అంచు జానెడు జరిగితే రబ్బరు అంచూ జానెడే జరుగుతుంది, పళ్ళెం అంచూ జానెడే. ఇటుకలు అందించే వరసలో మధ్య మనిషి పొట్టైనా పొడుగైనా ఇటుక ఇటుకే కదా.

అసలు చిక్కు కరెంటుతో. అమెరికా కరెంటు సెకనుకు 60 సైకిల్స్, మనది 50. ఈ మోటారు వేగం సైకిల్స్‌ను బట్టి ఉంటుంది. అక్కడి పెట్టెను తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి సరిచేసినా 45 × 50 ÷ 60 = 37.5 సార్లే తిరుగుతుంది. పాట సాగుతుంది, ఆడగొంతు మగగొంతు లాగా అయిపోతుంది. అందుకే ఇరుసుకు 6/5 రెట్లు మందమున్న తొడుగు వేయాలి.

ఇది చిన్న సంగతి కాదు. మా నానమ్మ పాడిన కోయ పాట మా ఇంట్లో ఒక క్యాసెట్‌లో ఉంది. నానమ్మ ఇప్పుడు లేదు. సెల్లులు అయిపోవచ్చినప్పుడు ఆ పాట పెడితే మా తమ్ముడు "ఇది నానమ్మ కాదు" అని ఏడ్చాడు. వేగం తప్పితే మనిషే మారిపోయింది!

రబ్బరుకు కూడా జబ్బులున్నాయి. నూనె తగిలితే జారుతుంది, ముదిరితే గట్టిపడుతుంది. స్పిరిట్ గుడ్డతో తుడవాలి. పాట ఆపినాక చక్రం ఇరుసుకు దూరం జరగాలి. ఒత్తుకునే ఉండిపోతే అక్కడ సొట్ట పడి, తిరిగినప్పుడల్లా "డగ్ డగ్" అంటుంది. టేప్ రికార్డర్‌లో ఈ చక్రంతో పాటు రబ్బరు బెల్టు ఉంటుంది, అది సాగినా వేగం తప్పుతుంది. దసరా సెలవులకు పోయినప్పుడు కొత్త సెల్లులు వేసి, ముందు మా ఇంటిదాని బెల్టు చూస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని