అనురాధపురం వెళ్లే ఉపాసకులకు



శ్రీలంక యాత్రకు డబ్బు కూడబెట్టుకుంటున్న మనవాళ్లు ఈమధ్య పెరిగారు. మంచిదే. కానీ డబ్బు కట్టేముందు టూరు వాళ్లిచ్చే కాగితం ఒకసారి పూర్తిగా చదవండి. మన దగ్గర నుంచి వెళ్లే ప్యాకేజీల్లో చాలావాటికి 'రామాయణ యాత్ర' అని పేరుంటుంది. సీత కూర్చున్న తోట, హనుమంతుడి అడుగు, రావణుడి గుహ... రోజులన్నీ వీటికే పోతాయి. అనురాధపురం ఉంటే ఒక పూట ఉంటుంది, లేకపోతే అదీ లేదు. రాముణ్ని దేవుడిగా నమ్మనని 22 ప్రతిజ్ఞల్లో రెండోది చదివి దీక్ష తీసుకున్నవాళ్లం, కష్టపడి దాచుకున్న డబ్బు పోసి అశోకవనం చూసి రావడం ఏం న్యాయం?

అందుకే మేం ఏడుగురం ప్యాకేజీ మానేసి, సొంతంగా ఒక వ్యాను, ఒక గైడు మాట్లాడుకున్నాం. ఏడుగురం పంచుకుంటే ఖర్చు మరీ ఎక్కువ కాలేదు. అక్కడ టూరిజం శాఖ గైడులకు లైసెన్సు ఇస్తుంది. ఆ కార్డు చూపించమని అడగండి, మొహమాటపడొద్దు. బండి నడుపుతూ తామే గైడుగా ఉండేవాళ్లు కూడా దొరుకుతారు. ఎక్కడెక్కడ ఆగాలో, ఎంతసేపు ఉండాలో ముందే కాగితం మీద రాయించుకోండి. మేం రాయించుకోలేదు. దాంతో మాతలె దగ్గర మసాలా తోటలో గంటన్నర నిలబడ్డాం. కమిషన్ ఎవరికి వెళ్తుందో చెప్పక్కర్లేదు. అక్కడికి దగ్గర్లోనే అలువిహారం ఉంది. అప్పటిదాకా భిక్ఖువులు నోటితో కాపాడుకుంటూ వచ్చిన తిపిటకాన్ని క్రీ.పూ. ఒకటో శతాబ్దంలో, వట్టగామణి రాజు కాలంలో, తాటాకుల మీద మొదటిసారి రాసిన చోటని చెప్పే గుహలు అవి. పొద్దుపోయింది, పది నిమిషాల్లో దిగిపోవాల్సి వచ్చింది. ఏలక్కాయలు మాత్రం బాగానే కొనుక్కొచ్చాం.

అనురాధపురానికి కనీసం రెండు రోజులు పెట్టుకోండి. కొలంబో నుంచి సుమారు 200 కిలోమీటర్లు. సార్క్ దేశాల వాళ్లకు టికెట్ ధర తగ్గిస్తారు, దానికి పాస్‌పోర్టు చూపించాలి. తెల్ల బట్టలు వేసుకోండి, భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. స్తూపం దగ్గర చెప్పులు, టోపీ తీసెయ్యాలి. మధ్యాహ్నం ఆ రాతి పలకలు పెనంలా కాలతాయి కాబట్టి పొద్దున్నే వెళ్లండి, మేజోళ్లు పెట్టుకోండి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగితే అక్కడివాళ్లు తప్పుగా చూస్తారు. వీలైతే పోయ రోజుకు చేరుకోండి. పోయ అంటే పున్నమి. ఆ దేశంలో ప్రతి పున్నమీ సెలవే. తెల్లబట్టల్లో ఊళ్లకు ఊళ్లు కదిలివచ్చి ఎనిమిది శీలాలు తీసుకుని రోజంతా చెట్ల కింద కూర్చుంటారు. రద్దీ ఉంటుంది, ఉండనివ్వండి. ఒక దేశం మొత్తం త్రిశరణాలు పలకడం వినడానికే కదా మనం సముద్రం దాటింది.

మొదటి రోజు శ్రీ మహాబోధి దగ్గరికి వెళ్లాం. అశోకుడి కూతురు సంఘమిత్త బుద్ధగయ నుంచి తెచ్చిన కొమ్మను క్రీ.పూ. మూడో శతాబ్దంలో అక్కడ నాటారు. గయలో ఉన్న చెట్టు పడిపోతే 19వ శతాబ్దంలో కొత్తది నాటారు. ఇక్కడిది మాత్రం నిలిచింది. నాగపూర్ దీక్షాభూమిలో మన బోధివృక్షం కూడా ఈ చెట్టు నుంచి తెచ్చిన మొక్కలదే, భదంత ఆనంద కౌసల్యాయన్ తెచ్చారు. ఈ సంగతి మా గైడుకు తెలియదు. 'మీరు హిందువులు కదా, మధ్యాహ్నం సీత గుడికి దారి చూడనా?' అన్నాడు. మేం బౌద్ధులమని చెప్తే నమ్మలేదు. 'ఇండియాలో బౌద్ధులున్నారా?' అని అడిగాడు. 1956 అక్టోబర్ 14 గురించి, లక్షల మంది ఒకేరోజు ధమ్మంలోకి రావడం గురించి చెట్టు నీడనే కూర్చుని చెప్పాం. ఈసారి వినడం అతని వంతైంది.

జేతవన స్తూపం దగ్గర తల ఎత్తి చూస్తే మెడ నొప్పెడుతుంది. మహాసేనుడి కాలంలో, అంటే క్రీ.శ. మూడో శతాబ్దం చివర, కట్టినప్పుడు దాని ఎత్తు సుమారు 122 మీటర్లు. అప్పటి లోకంలో అంతకంటే ఎత్తయినవి ఈజిప్టు పిరమిడ్లు రెండే. తొమ్మిది కోట్లకు పైగా ఇటుకలు పట్టాయని లెక్కగట్టారు. స్తూపాల నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన చెక్కడపు వేదికలు ఉంటాయి. వాటిని చూడగానే మన అమరావతి, నాగార్జునకొండల ఆయక వేదికలు గుర్తొస్తాయి. మెట్ల ముందు పరిచే అర్ధచంద్ర శిలలు నాగార్జునకొండలోనూ ఉన్నాయి. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, ఉపాసిక బోధిసిరి నాగార్జునకొండలో తంబపణ్ణి థేరుల కోసం చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. అందులో సీహళ విహారం అనే పేరు కూడా ఉంది. తంబపణ్ణి అంటే ఈ సింహళమే. కృష్ణ ఒడ్డున వాళ్లకు విడిది ఉండేదన్నమాట.

రువన్‌వెలిసాయ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. దాన్ని క్రీ.పూ. రెండో శతాబ్దంలో దుట్టగామణి కట్టించాడు. గైడు అతని యుద్ధాన్ని పూనకం వచ్చినట్టు చెప్పాడు. తమిళ రాజు ఎళారను ఓడించి ధమ్మాన్ని నిలబెట్టాడని, గోడకు చెక్కిన మాటలా చెప్పాడు. ఆ కథ మహావంశంలోది. అదే మహావంశం ఎళార న్యాయంగా పాలించాడనీ రాసింది, చంపినవాడే అతని సమాధికి గౌరవం ఇప్పించాడనీ రాసింది. ఇంకొకటి కూడా రాసింది. ఇంతమందిని చంపానే అని రాజు కుమిలిపోతుంటే, అరహంతులు వచ్చి, నువ్వు చంపింది ఒకటిన్నర మనుషులనే అని ఓదార్చారట. ఒకడు త్రిశరణాలు తీసుకున్నవాడు, ఇంకొకడు పంచశీల తీసుకున్నవాడు. మిగతావాళ్లు లెక్కలోకి రారు. అరహంతుడి నోట ఆ మాట వస్తుందా? పాణాతిపాతా వేరమణి అని రోజూ చెప్పుకునే మనం ఆ ప్రశ్న అక్కడే అడగాలి. 2009 దాకా యుద్ధంలో కాలిన దేశం అది. తమిళుల ఊళ్లు ఉత్తరాన ఎంతో దూరంలో లేవు. లెక్కలోకి రాని మనుషులు అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కాలామ సుత్తం ఇక్కడ పనికొస్తుంది. పెద్దలు చెప్పారని, గ్రంథంలో ఉందని, చెప్పేవాడు మన గురువని దేన్నీ ఒప్పుకోవద్దని బుద్ధుడు కాలాములకు చెప్పాడు. మెడలో లైసెన్సు కార్డు ఉన్న గైడుకూ ఇది వర్తిస్తుంది. అలాగని అతనితో పోట్లాడకండి. 'ఇది తవ్వకాల్లో దొరికిందా, పుస్తకంలో ఉందా, ఊళ్లో చెప్పుకునేదా?' అని అడగండి చాలు. మా గైడు మొదట విసుక్కున్నాడు. రెండో రోజుకు తనే విడదీసి చెప్పడం మొదలుపెట్టాడు.

చాలా విహారాల ఆవరణలో విష్ణువుకు, కతరగమ దేవుడికి గుళ్లు ఉంటాయి. బుద్ధ వందనం చేసి, పక్కకెళ్లి అక్కడా పళ్లు పెడతారు. మాలో ఇద్దరు తమ్ముళ్లకు కోపం వచ్చింది. మనం అక్కడ మొక్కాల్సిన పని లేదు, వాళ్లను తిట్టాల్సిన పనీ లేదు. బాబాసాహెబ్ 1950 మే నెలలో క్యాండీలో జరిగిన ప్రపంచ బౌద్ధ సమావేశానికి వెళ్లినప్పుడు, పుస్తకంలోని బౌద్ధం మనుషుల మధ్య ఎలా బతుకుతోందో చూడాలనే వెళ్లారు. తీసుకోవాల్సింది తీసుకున్నారు, ఆరేళ్ల తర్వాత మనకు 22 ప్రతిజ్ఞలు రాసి ఇచ్చారు.

క్యాండీ దారిలో మాతో వచ్చిన పెద్దమ్మ ఒక మాట అడిగింది. నాట్లు, కోతల కూలి డబ్బుతో వచ్చిన మనిషి. 'నాయనా, బుద్ధుడి దేశం కదా, ఇక్కడ కులం లేదు కదూ?' నేను ఇంగ్లీషులో చెప్పాను. గైడు చాలాసేపు రోడ్డు చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. 1753లో సయాం నుంచి భిక్ఖువులు వచ్చి ఉపసంపద ఇచ్చి సయాం నికాయ పెట్టారు. కొన్నేళ్లకే, భూములున్న గొవిగమ కులం వాళ్లకు తప్ప అందులో ఉపసంపద లేదన్నారు. జాలర్లు, కల్లు గీసేవాళ్లు, దాల్చినచెక్క ఒలిచేవాళ్లు సముద్రం దాటి బర్మాలోని అమరాపురానికి వెళ్లి అక్కడ ఉపసంపద తెచ్చుకున్నారు. 1803లో తిరిగొచ్చి అమరపుర నికాయ పెట్టుకున్నారు. తమ ఊరి విహారం అమరపుర నికాయదేనన్నాడు. ఇవాళ్టికీ పెళ్లి ప్రకటనల్లో కులం రాస్తారట.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. 'మన గుడి కాకపోతే మన విహారం కట్టుకున్నారు పాపం' అని, తన సంచిలోని చేగోడీలు తీసి అతనికి పెట్టింది. గైడును తిండి దగ్గర దూరంగా కూర్చోబెట్టే టూరిస్టులు ఉంటారట. మీరు ఆ పని చేయకండి, మీ బల్ల దగ్గరే కూర్చోమనండి. మాకు తెలిసినదాంట్లో సగం అన్నం తినేటప్పుడు చెప్పిందే.

చివరి రోజు విమానాశ్రయం దగ్గర అతను తన నోటు పుస్తకం తీసి, సీహళ విహారం ఉన్న చోటు పేరు రాసిమ్మన్నాడు. నాగార్జునకొండ అని రాసి, ఆ లోయ డ్యాం నీళ్లలో మునిగిందని, దొరికినవాటిని కొండ మీద పెట్టారని, సాగర్ దగ్గర లాంచీ ఎక్కి వెళ్లాలని చెప్పాం. 'అక్కడ ఇవన్నీ చూపించి చెప్పే గైడు ఉంటాడా, మీలో ఎవరైనా?' అని అడిగాడు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.