సెల్ఫోను చెల్లింపులు – రైతు గ్రహింపవలసిన సంగతులు

ఎరువుల కొట్టునందును, వారపు సంతయందును, టీ అంగడియందును నేడు రూకలు చేతులు మారకయే బాకీలు తీరుచున్నవి. అంగడి గోడకు అంటించిన క్యూఆర్ గుర్తుపై సెల్ఫోను నుంచి, రహస్యపు టంకెలను నొక్కినంతనే ఒకరి బ్యాంకు ఖాతానుండి మఱియొకరి ఖాతాకు సొమ్ము చేరుచున్నది. ఈ పద్ధతికి యూపీఐ యని పేరు. ఇది 2016 ఏప్రిల్ నెలలో ఆరంభమైనది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దేశమునందు 2,000 కోట్లకు పైగా చెల్లింపు లీ విధమున జరిగినవి. కావున ఇది పట్టణవాసుల వేడుకయని మన రైతు లుపేక్షింపరాదు.

దీనివలని మేలు స్పష్టము. ఒక చిన్న మొత్తమునకై పనిదినము చెడగొట్టుకొని బ్యాంకునకు పోనక్కఱ లేదు. ఎవరికి, ఏ తేదీన, ఎంత యిచ్చితిమో లెక్క నిలిచియుండును. పెద్ద ఫోను లేనివారికొఱకు 2022 మార్చి నెలలో యూపీఐ 123పే యను ఏర్పాటు కల్పింపబడినది. దానిచే మీటల ఫోనుతోడను, ఇంటర్నెట్టు లేకయే, సొమ్ము పంపవచ్చును.

ఇక ముఖ్యముగా గ్రహింపవలసిన దొక్కటి కలదు. పిన్ అనబడు ఆ రహస్యపు టంకెలు మన సంతకము వంటివి. సొమ్ము మన ఖాతానుండి వెలుపలికి పోవుటకును, నిలువ చూచుకొనుటకును మాత్రమే వాని యవసరము. సొమ్ము మనకు వచ్చుటకు పిన్ నొక్కవలసిన పని యెన్నడును లేదు. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము పుట్టక పూర్వము వడ్డీ వ్యాపారికి తెల్లకాగితముపై వేలిముద్ర వేసియిచ్చిన రైతు గతి యేమయ్యెనో పెద్దలెఱుగుదురు. పరుల కోరికపై పిన్ నొక్కుటయు అట్టిదియే.

మోసము జరుగు తీరులను కొన్నిటిని వివరించెదము.

మొదటిది: గేదెను కొనెదనని ఒకడు ఫోను చేసి, బయానా పంపుచున్నానని క్యూఆర్ గుర్తు నొకదానిని పంపును. దానిని తెఱచి పిన్ నొక్కినచో సొమ్ము వచ్చుటకు మాఱు పోవును. ఒక వ్యక్తి మఱియొకని యూపీఐలో సొమ్ము కోరుచు విన్నపము పంపు పద్ధతి ఇట్టి మోసములకు త్రోవయగుటచే 2025 అక్టోబరు 1వ తేదీనుండి నిలిపివేయబడినది. ఐనను క్యూఆర్ గుర్తు చూపి వంచించువారు మిగిలియే యున్నారు.

రెండవది: కొనువాడు తన ఫోనులో “చెల్లించితిని” అను పటమును చూపును. అట్టి పటమును ఎవరైనను తయారు చేయవచ్చును. మన ఖాతాలో నిలువ పెరిగినదని చూచుకొన్న పిమ్మటనే పశువు పలుపు విప్పవలయును, బస్తాలు బండి కెత్తవలయును.

మూడవది: బ్యాంకువారి ఫోను నంబరునకై ఇంటర్నెట్టులో వెదకినపుడు మొదట కనబడునది దొంగల నంబరు కావచ్చును. పాసుపుస్తకముపై అచ్చైన నంబరునే నమ్మవలెను.

నాలుగవది: పి.ఎం. కిసాన్ పేరిట వాట్సాపులో ఏపీకే యను ఫైలు వచ్చును. దానిని ఫోనులో ఎక్కించినచో బ్యాంకునుండి వచ్చు ఓటీపీ సందేశములు పరుల పాలగును. ఏ ప్రభుత్వ పథకపు ఫైలునైనను వాట్సాపు సందేశమునుండి ఎక్కింపరాదు.

ఒకవేళ సొమ్ము పోయినయెడల సిగ్గుపడి దాచుకొనుట తగదు. తక్షణమే 1930 నంబరునకును, తమ బ్యాంకునకును తెలుపవలెను. మోసగాండ్రు సొమ్మును ఖాతానుండి ఖాతాకు త్వరత్వరగా మార్చుచుందురు. అది దాటిపోకమునుపు తెలిపిననే నిలుపుదల చేయుట సాధ్యము. ఖాతాదారుడే రహస్యపు టంకెలను పరులకు తెలిపిన సందర్భమున, బ్యాంకునకు ఫిర్యాదు చేయువఱకు జరిగిన నష్టము అతనిదేయనియు, ఆ పిమ్మటి నష్టము బ్యాంకుదనియు రిజర్వు బ్యాంకువారు 2017లో ఉత్తరువిచ్చిరి. జాగుచేసినకొలది నష్టమెట్లు పెరుగునో దీనివలన తెలియగలదు.

మన పల్లెలలో చదువురాని పెద్దలును, స్త్రీలును ఫోనును అంగడివాని చేతికిచ్చి పిన్ కూడ చెప్పుట కలదు. అంగడివాడు మంచివాడైనను ఈ యలవాటు మంచిది కాదు. ఇట్లు చెప్పియున్నవారు వెంటనే పిన్ మార్చుకొనవలెను. ప్రతి సంఘమునందును నెలసరి సమావేశమున చదువుకొన్న యువకు లొక గంటసేపు పెద్దలచేత స్వయముగా పది రూపాయలు పంపించియు, రప్పించియు నేర్పినచో, ఏ వేళ పిన్ కావలయునో, ఏ వేళ అక్కఱలేదో వారి చేతికే తెలియును. పంటసొమ్ము ఇల్లు చేరువఱకు కాపాడుకొనుట పంటను కాపాడుకొనుటయందు భాగమేయని మన సభ్యులు గుర్తింతురుగాక.