మోకాలి ఆపరేషన్ తర్వాత మళ్లీ గోడలు దూకవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. కాలేజీ రోజుల్లో పార్కర్ (గోడలు, అడ్డంకులు దూకుతూ సాగే సాధన) చేసేవాణ్ని. రెండేళ్ల క్రితం గోడ మీంచి దూకినప్పుడు ఎడమ మోకాలు మెలితిరిగి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేశారు. రెండు నెలలు ఫిజియోథెరపీ చేయించుకుని, నడక మామూలయ్యాక మానేశాను. ఇప్పుడు నొప్పి లేదు. కూర్చుని చేసే ఉద్యోగం వల్ల తొమ్మిది కిలోలు పెరిగాను. నీక్యాప్ వేసుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చా? మూడు నెలల్లో పాత మిత్రులంతా కలుస్తున్నారు. అప్పటికి సిద్ధం కాగలనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మళ్లీ చేయవచ్చు. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత ఆటలకు తిరిగొచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. మీ ఉత్తరంలో నాకు బెంగ కలిగించింది మాత్రం రెండు నెలలకే ఆగిపోయిన ఫిజియోథెరపీ. నడక వచ్చేసింది కదా, ఇంకా ఎందుకు తిరగడం అని చాలామంది అక్కడే ఆపేస్తారు. అసలు పని మొదలయ్యేది అప్పుడే.

తెగిన లిగమెంట్ స్థానంలో సాధారణంగా తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింది నుంచో స్నాయువు తీసి అమరుస్తారు. అది కుదురుకోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. మీకు రెండేళ్లు గడిచాయి కాబట్టి ఆ భయం తక్కువ. తొడ ముందు కండరం సంగతి వేరు. మోకాలు వాచినప్పుడు ఈ కండరానికి నరాల ద్వారా వెళ్లే ఆదేశాలు తగ్గిపోతాయి. పనిగట్టుకుని వ్యాయామం చేయకపోతే ఆ బలహీనత ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నడకకు, మెట్లకు దాని బలంలో కొంత ఉన్నా చాలు. ఎత్తు నుంచి దూకితే శరీర బరువుకు కొన్ని రెట్ల భారం ఒక్కసారిగా కాళ్ల మీద పడుతుంది. ఆ భారాన్ని ఆపడంలో పెద్ద పని ఈ కండరానిదే. మీరు పెరిగిన తొమ్మిది కిలోలూ అన్ని రెట్లయి పడతాయి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. కుర్చీలో కూర్చుని, చేతుల సాయం లేకుండా ఒక్క ఎడమ కాలి మీదే నెమ్మదిగా లేచి, అంతే నెమ్మదిగా కూర్చోండి. ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీయండి. మోకాలు లోపలికి, బొటనవేలి వైపు వాలిపోతోందా? ఏసీఎల్ తెగేది ఎక్కువగా అలా వాలి మెలితిరిగినప్పుడే. కుడి కాలితోనూ చేసి పోల్చుకోండి. ఆపరేషన్ అయిన కాలి బలం, ఒంటికాలి గెంతు దూరం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలని ఫిజియోథెరపిస్టులు చూస్తారు. రెండేళ్లు కుర్చీలో కూర్చున్నవాళ్లకు మంచి కాలూ బలహీనపడుతుంది కాబట్టి ఆ ఒక్క అంకెనే నమ్ముకోకండి. తిరిగి ఆడేటప్పుడు రెండో మోకాలి ఏసీఎల్ తెగినవాళ్లూ ఉన్నారు.

మొదటి రెండు నెలలూ బలానికే కేటాయించండి. గుంజీలు, ఒంటికాలి మీద మెట్టు దిగడం, పిక్కలకూ తొడ వెనక కండరాలకూ వ్యాయామం, అన్నీ ఫిజియోథెరపిస్ట్ చెప్పిన బరువుతో. ఆలోగా వేలాడటం, చేతులూ కాళ్లూ ఆనించి పాకడం, గడ్డి మీద రోల్ సాధన చేయవచ్చు. అదీ పార్కరే.

తర్వాత దిగడం నేర్చుకోండి. అవును, కొత్తగా నేర్చుకోండి. ఫ్రాన్స్‌లోని లిస్ పట్టణంలో 1980ల చివర్లో పార్కర్‌కు రూపమిచ్చిన డేవిడ్ బెల్ తండ్రి రేమండ్, పారిస్ అగ్నిమాపక దళంలో పనిచేసినవారు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చినది, అవసరమైనప్పుడు పనికొచ్చే దేహం కోసం చేసే సాధన. ఆ దృష్టితో చూస్తే ఎంత ఎత్తు నుంచి దూకామన్నదాని కంటే ఎలా ఆగామన్నదే ముఖ్యం. నేల మీద సుద్దతో గీత గీసి, ఉన్నచోటి నుంచే దాని మీదకు గెంతండి. ముందు పాదం ముందుభాగం ఆనాలి, మోకాళ్లు కాలివేళ్ల దిశలోనే వంగాలి, చప్పుడు రాకూడదు. ధన్‌మని మోగితే భారం కండరాల్లోకి కాక కీళ్లలోకి పోతోందని అర్థం. ఇది నిలకడగా వచ్చాకే ఒక మెట్టు ఎత్తు, ఆపైన రెండు. గెంతులు వారానికి రెండుసార్లు చాలు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం ఉండాలి.

ఎత్తు పెంచాలా వద్దా అన్నది మర్నాటి ఉదయం తేలుతుంది. కాళ్లు చాపి కూర్చుని రెండు మోకాళ్లూ చూడండి. చిప్పకు లోపలి పక్కన చిన్న గుంట కనిపిస్తుంది. ఎడమ మోకాలిలో ఆ గుంట పూడి ఉంటే లోపల నీరు చేరినట్టే. అది తగ్గేదాకా గెంతులు ఆపి, తర్వాత కింది ఎత్తు నుంచి మొదలుపెట్టండి.

నీక్యాప్ వల్ల ధైర్యం వస్తుంది, లిగమెంట్‌కు రక్షణ రాదు. నొప్పి మాత్ర వేసుకుని సాధనకు వెళ్లడం మాత్రం వద్దే వద్దు. మోకాలు జారిపోయినట్టనిపించినా, మధ్యలో ఇరుక్కుపోయినా, మాటిమాటికీ వాచినా వెంటనే ఎముకల డాక్టరుకు చూపించండి. ఏసీఎల్‌తోపాటు మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థి) కూడా చిరగడం మామూలే.

మూడు నెలల్లో మిత్రుల దగ్గరకు తప్పకుండా వెళ్లండి. అప్పటికి కాళ్లలో బలం వచ్చి ఉంటే వాళ్లతో కలిసి గోడ ఎక్కండి. దిగేటప్పుడు మాత్రం వాళ్లు దూకుతుంటే మీరు మెట్ల మీంచి రండి.