ఈస్ట్ సిద్ధబీజ జననంలో త్వచ నిర్మాణాన్ని నియంత్రించే జన్యువులు

సారాంశం

శాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్ట్‌లో క్షయకరణ విభజన వల్ల నాలుగు కేంద్రకాలు ఏర్పడినంత మాత్రాన నాలుగు సిద్ధబీజాలు ఏర్పడవు. ప్రతి కేంద్రకం చుట్టూ కొత్తగా ఒక త్వచం నిర్మాణమైనప్పుడే అది సిద్ధబీజమవుతుంది. ఈ త్వచం ఆరంభం, విస్తరణ, మూసివేత అనే మూడు దశలలో పాల్గొనే ముఖ్య జన్యువులను, అవి లోపించినప్పుడు కలిగే ఫలితాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

ఈస్ట్ జీవితచక్రంలో ఏకస్థితిక, ద్వయస్థితిక దశలున్నాయని 1935లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలకు చెందిన వింగే నిరూపించాడు. ఒకే ఆస్కస్‌లోని నాలుగు సిద్ధబీజాలను వేరుచేసి సంకరణం జరపటం నాటి నుండి ఈస్ట్ ప్రజననానికి ఆధారమైంది. నత్రజని కొరవడి, కిణ్వనానికి లొంగని అసిటేట్ వంటి కర్బన మూలం మాత్రమే లభించినప్పుడు ద్వయస్థితిక కణం సిద్ధబీజ జననానికి పూనుకుంటుంది. ఐఎంఈ1 జన్యువు ఈ మార్గాన్ని ప్రారంభిస్తుంది. ఎన్‌డీటీ80 జన్యువు కేంద్రక విభజనలకు, త్వచ నిర్మాణానికి కావలసిన జన్యువులను మేల్కొల్పుతుంది.

త్వచ ఆరంభం

ఈస్ట్‌లో కండె ధ్రువ కాయం కేంద్రక త్వచంలోనే పొదిగి ఉంటుంది. శాఖీయ కణాలలో దాని బాహ్య ఫలకం సూక్ష్మనాళికలకు ఆధారం. రెండవ క్షయకరణ విభజనలో ఈ ఫలకం రూపం, పని రెండూ మారతాయి. సూక్ష్మనాళికలను పట్టి ఉంచే ఎస్‌పీసీ72 ప్రోటీన్ తొలగి, ఎంపీసీ54, ఎస్‌పీఓ21, ఎస్‌పీఓ74 ప్రోటీన్లు ఆ స్థానంలో చేరతాయి. కణద్రవ్యంలోని సూక్ష్మ త్వచ సంచులు ఈ ఫలకంపైకి వచ్చి, ఒకదానితో ఒకటి సంలీనమై, ప్రోస్పోర్ త్వచంగా రూపొందుతాయి. ఎంపీసీ54 లేదా ఎస్‌పీఓ21 లోపించిన కణాలలో కేంద్రక విభజన పూర్తవుతుంది కాని సిద్ధబీజాలు ఏర్పడవు.

సంచుల సంలీనానికి ఎస్‌ఎస్‌ఓ1, ఎస్‌పీఓ20 ప్రోటీన్లు తోడ్పడతాయి. ఎస్‌పీఓ14 జన్యువు ఫాస్ఫోలైపేజ్-డి ఎంజైమ్‌ను సంకేతిస్తుంది. ఆ ఎంజైమ్ తయారుచేసే ఫాస్ఫాటిడిక్ ఆమ్లానికి ఎస్‌పీఓ20 అంటుకుంటుంది. ఎస్‌పీఓ14 లేనప్పుడు సంచులు ఫలకం వద్దకు చేరతాయి గాని కలిసిపోవు. శాఖీయ పెరుగుదలకు ఈ జన్యువు అనివార్యం కాదు. కనుక సాధారణ యానకంలో చక్కగా పెరిగే వంశక్రమంలో కూడా ఈ లోపం దాగి ఉండవచ్చు.

విస్తరణ, మూసివేత

ఆరంభమైన త్వచం గిన్నె ఆకృతిలో కేంద్రకాన్ని ఆవరిస్తూ పెరుగుతుంది. దాని అంచున ఎస్‌ఎస్‌పీ1, ఏడీవై3, డీఓఎన్1 ప్రోటీన్లు వలయంగా అమరుతాయి. ఎస్‌ఎస్‌పీ1 లోపిస్తే త్వచాలు వికృతంగా పెరిగి కేంద్రకానికి అతుక్కుంటాయి. త్వచం తగినంత విస్తరించటానికి ఎస్‌పీఓ71, ఎస్‌పీఓ73, వీపీఎస్13 అవసరం. వీపీఎస్13కు సాటియైన మానవ జన్యువులలో ఒకటైన వీపీఎస్13ఏ లోపం కొరియా-ఎకాంథోసైటోసిస్ అనే అరుదైన నాడీవ్యాధికి కారణం.

విభజన ముగిసే వేళకు అంచు వలయం తొలగిపోవాలి. ఏఎంఏ1 జన్యువు నియంత్రణలో ఎస్‌ఎస్‌పీ1 క్షీణించగానే గిన్నె మూతి మూసుకుంటుంది. ఎస్‌ఎస్‌పీ1 నిలిచిపోతే త్వచం తెరిచే ఉంటుంది. త్వచాన్ని పెంచటానికి అవసరమైన ప్రోటీనే తుదకు దాని మూసివేతకు అడ్డంకి కావటం గమనార్హం. మూసుకున్న రెండు పొరల మధ్య మానన్, గ్లూకాన్, కైటోసాన్, డైటైరోసిన్ వరుసగా చేరి దృఢమైన కవచం ఏర్పడుతుంది. లోపలి పొర సిద్ధబీజపు ప్లాస్మా త్వచమవుతుంది. వెలుపలి పొర నశిస్తుంది.

నాలుగు కేంద్రకాలు, రెండు సిద్ధబీజాలు

అసిటేట్ తరిగిపోయినప్పుడు కణం అన్ని ధ్రువ కాయాలనూ మార్చదు. ఒక్కొక్క కండెకు ఉన్న రెండు ధ్రువ కాయాలలో కొత్తగా ఏర్పడిన దానిపైననే త్వచ నిర్మాణం ఆరంభమవుతుంది. ఫలితంగా రెండు సిద్ధబీజాలు మాత్రమే ఏర్పడతాయి. అవి వేర్వేరు కండెలకు చెందినవి గనుక, సెంట్రోమియర్‌కు దగ్గరగా ఉన్న జన్యువుల విషయంలో రెండు తల్లిదండ్రుల యుగ్మవికల్పాలూ నిలిచి ఉంటాయి. త్వచం పొందని కేంద్రకాలకు రక్షణ లేదు. తల్లి కణపు రిక్తిక పగిలి, దాని ఎంజైములు మిగిలిన కణద్రవ్యంతో పాటు వాటినీ జీర్ణం చేస్తాయి. కరవులో ఎవరు మిగలాలన్నది ఇక్కడ త్వచమే నిర్ణయిస్తుంది.

ప్రయోగశాలలో గుర్తింపు

పరిశ్రమలలో వాడే ఈస్ట్ వంశక్రమాలు అనేకం బహుస్థితికాలు లేదా అసమ క్రోమోసోమ్ సంఖ్య కలవి కావటం వల్ల సిద్ధబీజాలను సరిగా ఇవ్వవు. అయితే ప్రతి వైఫల్యానికీ కారణం క్రోమోసోములే అనుకోరాదు. డీఏపీఐ రంజనంతో కేంద్రకాలను లెక్కించటం మొదటి మెట్టు. కణంలో ఒకే కేంద్రకం ఉంటే విభజన ప్రవేశంలోనో తొలి దశలోనో అవరోధం ఉన్నట్లు. నాలుగు కేంద్రకాలుండి సిద్ధబీజాలు లేకుంటే త్వచ లేదా కవచ జన్యువులను పరిశీలించాలి. ఎస్‌పీఓ20లో 51 నుండి 91 వరకు గల అమైనో ఆమ్లాల భాగానికి హరిత ప్రతిదీప్తి ప్రోటీన్‌ను జతచేస్తే ప్రోస్పోర్ త్వచం సూక్ష్మదర్శినిలో నేరుగా కనిపిస్తుంది. రెండు సిద్ధబీజాల ఆస్కస్‌లు అధికంగా ఉంటే, జన్యులోపాన్ని అనుమానించే ముందు యానకంలోని అసిటేట్ పరిమాణాన్ని సరిచూడాలి.

ముగింపు

సిద్ధబీజ జననంలో కేంద్రక విభజన, త్వచ నిర్మాణం ఏకకాలంలో సాగినా అవి వేర్వేరు జన్యు నియంత్రణలు గల ప్రక్రియలు. ఈ భేదాన్ని గుర్తించిన ప్రజననకారుడు సిద్ధబీజాలివ్వని వంశక్రమాన్ని వెంటనే తిరస్కరించక, లోపం ఏ దశలో ఉన్నదో ముందుగా నిర్ణయించగలుగుతాడు.