తుఫాను వెలిసిన పిమ్మట గృహవైద్యము

గాలి ఆగి ఎండ కనబడగానే గండము గడిచినదని అనుకొందుము. వైద్యుని లెక్కలో అసలు గండము ఆనాటినుండియే మొదలగును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయైనను, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుఫానైనను, గాలి చేసిన నష్టము ఆనాడే కంటికి కనబడినది. చెడిన నీరు చేయు నష్టము అట్లు కనబడదు. కొన్ని దినములు గడిచిన పిమ్మట విరేచనములుగా, జ్వరములుగా ఇంట ప్రవేశించును.

చరకసంహిత విమానస్థానమున మూడవ అధ్యాయమునకు జనపదోద్ధ్వంసనీయమని పేరు. ఊరికి ఊరు ఒకేమారు రోగపడుటకు గాలి, నీరు, నేల, కాలము అను నాలుగింటి దుష్టియే కారణమని ఆత్రేయుడు అగ్నివేశునకు బోధించెను. గాలికంటె నీటిని తప్పించుకొనుట కష్టమనియు చెప్పెను. రంగు, వాసన, రుచి చెడినది, పక్షులును జలచరములును విడిచిపోయినది దుష్టజలమట. వరద తీసిన తరువాత మన నూతిలోనికి తొంగిచూచినచో ఈ లక్షణములలో కొన్నియైనను కనబడును.

బురదనీటిలో చిల్లగింజ అరగదీసి కలుపుట మన ఇండ్లలో పూర్వమునుండి ఉన్న అలవాటు. కొంతసేపటికి మట్టి అడుగునకు దిగి పైనీరు తేటపడును. మంచి పద్ధతియే. కాని తేటనీరు వేరు, శుద్ధజలము వేరు. కలరా, టైఫాయిడ్, కామెర్లు కలిగించు క్రిములు తేటనీటిలోను ఉండును. కావున ఆ పైనీటిని వంచి, నాలుగు మడతల నూలుగుడ్డతో వడగట్టి, కళపెళ మరుగునట్లు కాచి, మూతపెట్టి చల్లార్చవలెను. శొంఠి ముక్క వేసికొన్నచో జీర్ణశక్తికి మేలు. అయితే శొంఠి, తులసి, రాగిబిందె ఇవేవియు మరిగించుటకు బదులు కావు. కట్టెలు తడిసి పొయ్యి రాజనిచో, పంచెదరు గనుక క్లోరిన్ బిళ్ళను అట్టపై వ్రాసిన కొలతకు వేసి, అరగంట ఆగి త్రాగుడు. ఇది శాస్త్రవిరుద్ధమని సందేహింపవలదు. ఉప్పెననీరు చేరిన నూతిని మాత్రము త్రాగుటకు మానుకొనవలెను. ఎంత కాచినను ఉప్పు పోదు, ఇంకను చిక్కబడును.

విరేచనములు పట్టినచో "లంఖణం పరమౌషధం" అని పసిపిల్లలను సైతము ఎండగట్టుట చూచుచున్నాము. ఇది ప్రాణాంతకము. లంఘనమనగా దేహమునకు లాఘవము కలిగించుట. దాహముతో ఉన్నవానికి నీరు మాన్పుట కాదు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో సమముగా తీసిన 6 టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి, కొంచెము కొంచెముగా త్రాగించుచుండవలెను. ఉప్పు కొలత మీరరాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరికినచో అదియే మేలు. తల్లిపాలు ఆపరాదు. పెద్దలకు పాతబియ్యముతో కాచిన పలుచని పేయ, ఆకలి పుట్టిన పిమ్మట మెత్తని అన్నము పథ్యము. తేలికపాటి విరేచనములకు ఎండిన మారేడు పిందెల చూర్ణము పెద్దలు పుచ్చుకొనవచ్చును. రక్తము పడినను, కన్నులు గుంటలు పడినను, మూత్రము తగ్గినను చూర్ణములతో కాలము గడపక ఆసుపత్రికి చేర్చవలెను.

ఇల్లు బాగుచేయువారు బురదలో దినమంతయు నిలుతురు. దుష్టమైన బురద తగిలి కాలివేళ్ళ సందులు నాని, దురద, మంట కలుగుటను సుశ్రుతుడు అలసమని చెప్పెను. సాయంకాలము సబ్బుతో కడిగి, త్రిఫలా కషాయముతో తొలిచి, సందులు పూర్తిగా తుడిచి ఆరనిచ్చి వేపనూనె రాయవలెను. తుడువక నూనె రాసినచో ప్రయోజనము లేదు. పగుళ్ళు, గాయములు ఉన్నవారు బూట్లు లేక దిగరాదు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చును. బురదలో తిరిగినవారికి జ్వరము, పిక్కల నొప్పి, కన్నుల ఎరుపు కనబడినచో కషాయములు కాచుచు కూర్చుండక వైద్యునకు చూపి, వరదనీటిలో దిగితిమని ముందుగా చెప్పవలెను.

తడిసిన గదులను కడిగి, తలుపులు తెరచి ఎండ సోకనిచ్చిన పిమ్మట వేపాకు, గుగ్గిలము ధూపము వేయవచ్చును. ఉబ్బసపు రోగులను, పసివారిని ఆ సమయమున వెలుపల ఉంచవలెను. పెరటిలో పడిన కొబ్బరిచిప్పలలో, విరిగిన కుండలలో నిలిచిన నీటిని ధూపమునకు ముందే ఒలకబోయుడు. దోమ గ్రుడ్డు పెట్టునది అచ్చటనే.